‘కీగల్స్ చెయ్యండి’ అన్నారు, అంతే

మణికొండ పైప్‌లైన్ రోడ్డు మీద సాయంత్రం ఆరు దాటితే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకని ఈ ఇద్దర్నీ పధ్నాలుగో అంతస్తు బాల్కనీలో కూర్చోబెట్టాను. వదిన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మేనేజరు. నలభై ఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఆడపడుచు ఫిజియోథెరపిస్టు, ఎనిమిదేళ్ళు చిన్నది. ఇద్దరిదీ తెనాలి వైపు. ఇద్దరూ నేను కల్పించినవాళ్ళే గానీ వాళ్ళ నోట వచ్చే అధ్యయనాలూ అంకెలూ కల్పితం కాదు. నా మొగ్గు ఆడపడుచు వైపే, దాచను. అయితే వదిన అడిగేవాటికి జవాబు చెప్పకుండా ఆమె గెలిచిందని నేను రాయలేను.

వదిన: ముందే చెప్తున్నా, నన్ను ఒప్పించే పని పెట్టుకోకు. సర్జన్ దగ్గరికి వెళ్తా, స్లింగ్ వేయించుకుంటా, మళ్ళీ ఆఫీసుకి పోతా. బిగించు, వదులు, బిగించు, వదులు. నీ బడి నాకొద్దు.

ఆడపడుచు: ఒప్పించను వదినా. అడుగుతానంతే. మూత్రం ఎప్పుడెప్పుడు పడుతోంది?

వదిన: తుమ్మితే. దగ్గితే. షటిల్ ఆడుతూ ఎగిరితే. మొన్న టీమ్ లంచ్‌లో ఎవడో జోకేస్తే పళ్ళు బిగబట్టి కూర్చున్నా. నాకు కోపమొచ్చిందనుకుని వాడు సారీ చెప్పాడు.

ఆడపడుచు: అంతేనా? ఇంటి తలుపు దగ్గర?

వదిన: అది నీకెవరు చెప్పారు? మీ అన్నయ్యా?

ఆడపడుచు: ఎవరూ చెప్పక్కర్లేదు. నా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామందిది ఇదే కథ. ఖాజాగూడ నుంచి కార్లో బాగానే వస్తారు. పార్కింగ్‌లో దిగగానే మొదలవుతుంది. లిఫ్టు ప్రతి అంతస్తులో ఆగుతుంటే కాళ్ళు మెలేసుకుని నిలబడతారు. తాళంచెవి పెట్టేలోపు ఆగదు.

వదిన: ...ఊఁ. అదీ ఉంది.

ఆడపడుచు: అయితే మీకున్నవి రెండు. దగ్గితే పడేది స్ట్రెస్ రకం. పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, కింద మూత్రనాళం మూసుకుని నిలబడలేదు. తలుపు దగ్గరది అర్జ్ రకం. మూత్రాశయం మీ అనుమతి లేకుండా తనంతట తనే ముడుచుకుంటుంది. స్లింగ్ అంటే నాళం కింద వేసే టేపు, మొదటిదానికి పెట్టిన వైద్యం. రెండోది దానితో పోతుందని ఎవరూ హామీ ఇవ్వరు. కొందరికి ఆపరేషన్ అయ్యాక ఆ ఆత్రం కొత్తగా పట్టుకుంటుంది కూడా.

వదిన: వైద్యం తెలిసినవాళ్ళ దగ్గరికి ఒక జబ్బుతో వెళ్తే రెంటితో వస్తామని మా నాన్న ఊరికే అనలేదు. నేనూ చదువుకునే వచ్చాలే. 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో నెదర్లాండ్స్ వాళ్ళ అధ్యయనం ఒకటి వచ్చింది. 460 మంది ఆడవాళ్ళు. సగం మందికి ముందు ఫిజియోథెరపీ, సగం మందికి ముందు స్లింగ్. ఏడాది తర్వాత బాగుపడ్డామన్నవాళ్ళు ఆపరేషన్ వైపు 90.8 శాతం, మీ వైపు 64.4. అంతకన్నా పెద్ద అంకె ఇంకోటుంది. మీ వైపు మొదలుపెట్టినవాళ్ళలో 49 శాతం మధ్యలో వచ్చి ఆపరేషన్ చేయించుకున్నారు. నేను టెస్టింగ్‌దాన్ని. ఎన్ని పాసయ్యాయో చూపిస్తే నమ్మను, ఎక్కడ ఫెయిలయ్యిందో చూస్తా.

ఆడపడుచు: ఆ పేపరు నేనూ చదివాను. అందులో తీసుకున్నది ఎవర్ని? లీకు మధ్యస్థంగానో తీవ్రంగానో ఉన్నవాళ్ళని. మీరు రోజుకి ఎన్ని ప్యాడ్‌లు మారుస్తున్నారు?

వదిన: రోజూ కాదు. షటిల్ రోజు ఒకటి.

ఆడపడుచు: మరి అది మీ పరీక్ష కాదు కదా. అంత తీవ్రంగా ఉన్నవాళ్ళలో కూడా సగం మంది ఆపరేషన్ జోలికి పోకుండా ఏడాది గడిపారు, దాన్నీ లెక్కలో వెయ్యండి. ఆపరేషన్ అయినవాళ్ళలో కొందరికి మూత్రాశయానికి చిల్లు పడింది, కొందరికి టేపు బయటికొచ్చింది, కొందరు మళ్ళీ బల్ల ఎక్కారు. ఎక్కువమంది కాదు, ఒప్పుకుంటాను. స్లింగ్ మంచి ఆపరేషనే. కావలసినవాళ్ళకి నేనే పంపిస్తాను. వ్యాయామం కుదరలేదని మూడు నెలలకి వదిలెయ్యొచ్చు, టేపుని అలా వదలలేం. అందుకే దాన్ని రెండో మెట్టు మీద పెట్టారు.

వదిన: ఎవరు పెట్టారు?

ఆడపడుచు: బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ ఉంది, ఏ వైద్యం ముందు ఇవ్వాలో చెప్తుంది. స్ట్రెస్ రకానికీ రెండూ కలిసినదానికీ మొదటి వైద్యం కనీసం మూడు నెలల పెల్విక్ ఫ్లోర్ వ్యాయామం, అంటే మీరన్న ఈ బిగించి వదలడమే, అదీ తెలిసినవాళ్ళ పర్యవేక్షణలో, అని దాని మాట. 2018లో, వైద్య అధ్యయనాలు కూడగట్టి తూచే కాక్రేన్ వాళ్ళు 14 దేశాల్లో జరిగిన 31 అధ్యయనాలు, 1,817 మంది ఆడవాళ్ళ ఫలితాలు కలిపి చూశారు. స్ట్రెస్ రకం వాళ్ళలో వ్యాయామం చేసినవాళ్ళు 56 శాతం మంది నయమైందన్నారు. చెయ్యనివాళ్ళలో 6 శాతం.

వదిన: నయమై ఎన్నాళ్ళు? నార్వే వాళ్ళు పదిహేనేళ్ళ తర్వాత వెనక్కి వెళ్ళి చూశారు, 2005లో అచ్చయింది. గట్టిగా శిక్షణ ఇచ్చినవాళ్ళకీ ఇంటి దగ్గర చేసుకోమన్నవాళ్ళకీ తేడా మిగల్లేదు. రెండు గుంపుల్లోనూ సగం మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు. వారానికి ఒక్కసారైనా వ్యాయామం చేస్తున్నవాళ్ళు మూడో వంతు కూడా లేరు.

(ఇక్కడ ఆడపడుచు కాసేపు మాట్లాడలేదని రాయాలి. ఆ నార్వే పేపరు రాసిన కారీ బో ఈ వ్యాయామం మీదే జీవితమంతా పని చేసిన మనిషి. తన పంట తనే తూచి, తూకం తక్కువొస్తే ఆ సంగతీ అచ్చేసింది.)

ఆడపడుచు: నిజమే. కండరం కదా వదినా. ఆపేస్తే పోతుంది. చెయ్యి కండైనా అంతే, ఇదైనా అంతే. అయితే అదే పేపర్లో ఇంకో మాటుంది, మొదటి అయిదేళ్ళలో ఆపరేషన్‌కి వెళ్ళింది ఎక్కువగా తేలిక శిక్షణ గుంపువాళ్ళు. జీవితాంతం చేస్తూనే ఉండాలి, కొంచెమైనా. ఆ మాట చెప్పకుండా మూడు నెలల్లో మాయమైపోతుందని చెప్పేవాళ్ళని నేనూ సమర్థించను.

వదిన: మరి అసలు సంగతి విను. నేను చెయ్యలేదనుకుంటున్నావు. చేశా. చిన్నాడు పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి పంపించేస్తూ చీటీ మీద అయిరన్ మాత్ర, కాల్షియం మాత్ర, కింద కీగల్స్ చెయ్యండి అని రాసిచ్చారు. అంతే. ఎలాగో ఎవరూ చెప్పలేదు. ఇంటర్నెట్‌లో చూసి నెలల తరబడి చేశా. సిగ్నల్ దగ్గర, మీటింగ్‌లో, వంటింట్లో. ఏమీ ఒరగలేదు.

ఆడపడుచు: ఎలా చేసేవారో ఇప్పుడు చెయ్యండి.

వదిన: ఇక్కడా?

ఆడపడుచు: చీర మీద ఏం కనపడదు లెండి. చెయ్యండి. ...ఆగండి. ఊపిరి బిగబట్టారు. పొట్ట ముందుకొచ్చింది. పిరుదులు బిగుసుకుని అరంగుళం పైకి లేచారు. కింద ఏమనిపించింది, లోపలికి లాగినట్టా, బయటికి తోసినట్టా?

వదిన: ...తోసినట్టే ఉంది.

ఆడపడుచు: అదీ సంగతి. ఇన్ని నెలలూ మీరు చేసింది విరేచనానికి ముక్కడం. కండరాన్ని బలపరచలేదు, ఇంకాస్త కిందికి నెట్టారు. మీరొక్కరే కాదు. 1991లో అమెరికాలో 47 మందికి నోటితో చెప్పి చేయించి, కొలిచి చూశారు. సరిగ్గా చేసినవాళ్ళు సగం మంది లోపు. నాలుగో వంతు మంది లీకు ఎక్కువయ్యే విధంగా చేశారు. డాక్టరు ఎదురుగా ఉండి చెప్తేనే అలా. మీకు చీటీ మీద రెండు మాటలు రాసిచ్చారు. వ్యాయామం మీ దగ్గర ఫెయిలవ్వలేదు వదినా, మీ దగ్గరికి అది రానే లేదు.

వదిన: ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. కుదిరితే వ్యాయామం గొప్పది, కుదరకపోతే మేం తప్పుగా చేశాం.

ఆడపడుచు: తప్పు మీదనలేదు. నేర్పనివాళ్ళది. కీగల్ అని పేరు చెప్తారే, ఆ ఆర్నాల్డ్ కీగల్ లాస్ ఏంజిలస్‌లో గైనకాలజిస్టు. 1948లో ఈ పద్ధతి గురించి పేపరు రాశాడు. పెరినియోమీటర్ అని ఒక పరికరం తయారుచేశాడు. లోపల పెట్టుకుంటే ఎంత బిగించారో ముల్లు చూపిస్తుంది. ముందు తను చేత్తో పరీక్షించి సరైన కండరం కదులుతోందో లేదో చూసేవాడు. తర్వాత ఆ ముల్లు చూస్తూ రోజుకి మూడు సార్లు, ఇరవయ్యేసి నిమిషాలు చెయ్యమనేవాడు. లోకం ఆయన పేరు ఉంచుకుంది. చేత్తో చూడటం, ముల్లు రెండూ వదిలేసింది.

(నన్నడిగితే ఈ విషయంలో జరిగిన అన్యాయమంతా ఆ వదిలెయ్యడంలోనే ఉంది. ఏ మందునైనా మోతాదు లేకుండా రాసిస్తే ఫార్మసీవాడే వెనక్కి పంపిస్తాడు. దీన్ని మాత్రం మోతాదు లేకుండా, విధానం లేకుండా, మళ్ళీ ఎప్పుడు రావాలో లేకుండా రాసివ్వచ్చు.)

వదిన: అయితే ఆ ముల్లు కొనుక్కుంటా. ఫోన్‌కి కలిపేవి వస్తున్నాయిగా, బ్లూటూత్‌వి.

ఆడపడుచు: మీ ఐటీవాళ్ళకి అదే ముందు తడుతుంది. 2020లో బ్రిటన్‌లో 600 మంది మీద చూశారు. మనిషి సరిగ్గా నేర్పితే చాలు, బిగింపు చూపించే పరికరం కలిపినందువల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. ముందు లోపలేముందో చెప్తాను వినండి. ముందువైపు పొత్తికడుపు కింది ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా కండరాలు అల్లుకుని ఉంటాయి. నవారు మంచంలాగా. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం దాని మీదే కూర్చుంటాయి. ఆడవాళ్ళ మూత్రనాళం నాలుగు సెంటీమీటర్ల పొడవుంటుంది, అంతే. దగ్గినప్పుడు కింద నవారు బిగువుగా ఉంటే నాళం దానికి నొక్కుకుని మూసుకుంటుంది, వదులైతే జారుతుంది. కాన్పులో బిడ్డ తల దిగేటప్పుడు ఆ కండరంలో కొంతభాగం తన పొడవుకి మూడు రెట్లకు పైగా సాగుతుంది.

వదిన: నాకు రెండూ సిజేరియన్లే. మరి నాకెందుకు?

ఆడపడుచు: తొమ్మిది నెలల బరువు మోసింది మీరే కదా. నార్వేలోనే పదిహేను వేలమందికి పైగా ఆడవాళ్ళని అడిగారు, 2003లో వచ్చింది. కాన్పే లేనివాళ్ళలో లీకు 10.1 శాతం, సిజేరియన్ వాళ్ళలో 15.9, మామూలు కాన్పువాళ్ళలో 21. కోత వల్ల ముప్పు తగ్గుతుంది, పోదు. మన తెలంగాణలో 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో 81.5. మాకు ఆపరేషనేగా, మాకు రాదులే అనుకునే ఆడవాళ్ళు ఈ మణికొండలో అపార్ట్‌మెంటుకి ఎంతమందో. మీకైతే రాశారు గానీ, వాళ్ళలో కొందరికి చీటీ మీద ఆ రెండు మాటలు కూడా రాయరు.

వదిన: మీ అమ్మగారి సంగతేంటి మరి? అత్తయ్యగారు మన ఇంటికొస్తే బయటికి రారు. షిరిడీ అంటే వద్దంటారు, పెళ్ళంటే వద్దంటారు. మోకాళ్ళంటారు. మోకాళ్ళు కావని నాకు తెలుసు, బట్టలు ఉతికేది నేనే.

ఆడపడుచు: ...నాకు తెలీదు.

వదిన: చదివింది నువ్వు. చూస్తున్నది నేను. ముప్ఫయ్యారేళ్ళకి గర్భసంచి తీయించారు ఆవిడకి. తెల్లబట్టవుతోందంటే తీసేశారు. పిల్లలు పుట్టాక ఇంకెందుకూ అన్నారట.

ఆడపడుచు: అది మన రెండు రాష్ట్రాల జబ్బు వదినా. 2015–16 సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు దేశం మొత్తానికి 3.2 శాతం. ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. 2007లో స్వీడన్‌లో దేశమంతటి రికార్డులూ తిరగేశారు. క్యాన్సరు కాని కారణాలకి గర్భసంచి తీయించుకున్నవాళ్ళకి తర్వాత లీకు ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం తక్కినవాళ్ళకన్నా రెట్టింపు పైనే. లక్నోలో ఆస్పత్రికొచ్చిన 3,000 మందిని అడిగితే 21.8 శాతం మంది లీకవుతోందన్నారు, 2013లో అచ్చయింది. ఎవరూ అడక్కపోతే వాళ్ళూ మోకాళ్ళనే చెప్పేవాళ్ళేమో.

వదిన: ఇక నా అసలు కోపం విను. వ్యాయామం పనిచేస్తుందో లేదో కాదు. ఎప్పుడూ ఆడవాళ్ళకే ఈ హోంవర్కు ఎందుకు? పిల్లల హోంవర్కు నాది, అత్తయ్యగారి మాత్రలు నావి, ఇప్పుడు నా మూత్రానికీ రోజుకి మూడు పూటలా నేనే డ్యూటీ. చెయ్యలేదా, నీ తప్పే. ఆఫీసులో ఇన్సూరెన్సు ఉంది. ఆపరేషన్‌కి చేర్పిస్తే క్యాష్‌లెస్. మంచానికి డబ్బులు, మత్తుకి డబ్బులు, టేపుకి డబ్బులు. నీ దగ్గరికి మూడు నెలలు వస్తే? అడ్మిషన్ లేదు కాబట్టి రూపాయి రాదు. హెచ్‌ఆర్‌ని అడిగా. ఓపీ కవర్ కాదు మేడమ్ అంది. మరి ఏది మొదటి వైద్యమో నీ నైస్ వాళ్ళు చెప్తారా, నా పాలసీ చెప్తుందా?

ఆడపడుచు: దీనికి నా దగ్గర జవాబు లేదు. తప్పే అది. ఫ్రాన్స్‌లో కాన్పయ్యాక ఈ వ్యాయామం నేర్పించడానికి పది దాకా సెషన్లు రాసిస్తారు, సామాజిక బీమా భరిస్తుంది. మన దగ్గర ఇన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీలు ప్రసూతి కవరేజీ అని గొప్పగా చెప్పుకుంటాయి. కాన్పు ఖర్చిచ్చి ఆపేస్తాయి.

వదిన: నువ్వు ఒప్పుకుంటే గొడవ సాగదే. ఇంకోటి. రోడ్ల మీద బాత్రూములు కట్టమని ఎవరూ అడగరు, ఆడవాళ్ళని బిగించుకోమంటారు. విప్రో సర్కిల్ నుంచి ఇక్కడికి వర్షం పడ్డ రోజు గంటన్నర. అందుకే మధ్యాహ్నం మూడు తర్వాత నేను నీళ్ళు ముట్టను.

ఆడపడుచు: ఇదిగో, ఇక్కడ మీతో పోట్లాడతాను. బాత్రూములు అడగాల్సిందే, నేనూ వస్తాను. నీళ్ళు మానెయ్యడం మాత్రం మీ నెత్తిన మీరే కొట్టుకోవడం. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది. మలబద్ధకం వస్తుంది. ముక్కుతారు, కండరం ఇంకా కిందికి. ఇంకోటి కూడా చేస్తుంటారు మీరు, బయల్దేరే ముందు రాకపోయినా ఒకసారి వెళ్ళిరావడం.

వదిన: అందరూ చేస్తారు.

ఆడపడుచు: ఎప్పుడో అయితే ఫరవాలేదు. ప్రతిసారీ చేస్తే మూత్రాశయం కొంచెం నిండగానే పిలవడం నేర్చుకుంటుంది. నాలుగైదు వందల మిల్లీలీటర్లు పట్టే సంచి వందా నూట యాభైకే గోల పెడుతుంది. మీ తలుపు దగ్గర గొడవ సగం ఇదే. దానికి వేరే శిక్షణ. ముందు మూడు రోజులు ఎప్పుడు ఎంత తాగారో, ఎప్పుడు ఎంత వెళ్ళారో రాయండి. ఎక్సెల్‌లో రాసుకోండి, మీకు సరదాగా ఉంటుంది. గంటకోసారి వెళ్తుంటే వారానికి పావుగంట చొప్పున దూరం పెంచాలి. కనీసం ఆరు వారాలు. లిఫ్టులో ఆత్రం వచ్చిందా, పరిగెత్తొద్దు. నిలబడి గబగబా అయిదారు సార్లు లోపలికి బిగించి వదలండి. కింద కండరం బిగిస్తే మూత్రాశయం సడలుతుంది, నరాల ఏర్పాటే అలా ఉంది. ఆత్రం తగ్గాక మామూలుగా నడిచి వెళ్ళండి. టీ కాఫీలు కాస్త తగ్గించి చూడండి.

వదిన: ఇరానీ చాయ్ దగ్గరికి రాకు.

ఆడపడుచు: ఒకటి ఉంచుకోండి. బరువు కూడా చూసుకోవాలి. 2009లో అమెరికాలో ఒక అధ్యయనంలో సగటున 8 శాతం బరువు తగ్గినవాళ్ళకి వారంలో లీకులు 47 శాతం తగ్గాయి.

వదిన: దానికి నా జవాబు అనవసరం. సరే, అసలు ఎలా చెయ్యాలో చెప్పు. చేస్తానని కాదు.

ఆడపడుచు: మొదట పడుకుని, మోకాళ్ళు మడిచి. నలుగురిలో ఉన్నప్పుడు గాలి పోబోతే ఎలా ఆపుకుంటారు? వెనక అలా మొదలుపెట్టి, ముందు మూత్రం ఆపుతున్నట్టు, లోపలికీ పైకీ లాగండి. ఊపిరి ఆడుతుండాలి. తొడలు, పిరుదులు, పై పొట్ట కదలకూడదు. ఆరు నుంచి ఎనిమిది సెకన్లు పట్టి ఉంచి, అంతసేపూ పూర్తిగా వదలండి. వదలడం కూడా వ్యాయామమే. ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. ఆ తర్వాత కొన్ని చటుక్కున బిగించి వదిలేవి. రోజుకి మూడు పూటలు. రెండు మూడు సెకన్లే పట్టగలిగితే అక్కడే మొదలుపెట్టండి. కొన్ని వారాలకి కూర్చుని, తర్వాత నిలబడి, తర్వాత షటిల్ కోర్టులో. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి చూసుకోవడం రోజూ చెయ్యొద్దు, అది అభ్యాసం కాదు.

వదిన: మూడు నెలలు ఆగాలా ఫలితానికి?

ఆడపడుచు: కండ పెరగడానికి ఆగాలి. ఒక కిటుకుంది, దానికి ఆగక్కర్లేదు. దగ్గబోతున్నారు, తుమ్మబోతున్నారు, బరువెత్తబోతున్నారు, దానికి అరక్షణం ముందు బిగించండి. 1998లో అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్ళకి ఇదొక్కటే నేర్పితే వారంలో మధ్యరకం దగ్గుకి లీకు 98 శాతం తగ్గింది, గట్టి దగ్గుకి 73 శాతం. కండ పెరగలేదు, సమయం పట్టుబడింది అంతే. అయితే అదీ సరైన కండరం దొరికినవాళ్ళకే.

వదిన: దొరికిందో లేదో నువ్వు చూస్తావా? నా ఆడపడుచు నన్ను... రామ రామ.

ఆడపడుచు: నేనొద్దు, నా దగ్గర పనిచేసే అమ్మాయి చూస్తుంది. మీ అనుమతితో, గ్లౌజుతో, తలుపేసి. అదీ వద్దంటే పొట్ట మీద అల్ట్రాసౌండ్ పెట్టి తెర మీద చూపించొచ్చు. బిగిస్తే మూత్రాశయం అడుగు పైకి లేవాలి. మీకు గ్రాఫ్ కనిపిస్తే గానీ నమ్మకం కుదరదు కదా.

వదిన: మా యోగా మాస్టారు మూలబంధం వేయిస్తున్నారు. చాలదా?

ఆడపడుచు: హఠయోగ గ్రంథాల్లో ఉన్నది నిజమే, లాగేదీ దాదాపు అదే చోటు. వాళ్ళ ఉద్దేశం వేరు. పాతికమందిని చాపల మీద కూర్చోబెట్టి బంధించండి అంటే ఎవరు లాగుతున్నారో ఎవరు తోస్తున్నారో మాస్టారికెలా తెలుస్తుంది?

వదిన: జూబ్లీహిల్స్ వైపు లేజర్ ప్రకటనలు కూడా చూస్తున్నా. నొప్పి లేదు, లంచ్ టైమ్‌లో అయిపోతుందిట.

ఆడపడుచు: 2018 జులైలో అమెరికా ఎఫ్‌డీఏ ఆ లేజర్ల గురించి హెచ్చరించింది. లీకు తగ్గిస్తామని అమ్మడానికి వాటికి అనుమతి లేదు, కాలిన గాయాలూ నొప్పులూ వచ్చినవాళ్ళున్నారు అని. దాని గురించి ఇంతకన్నా మాట్లాడటం దండగ.

వదిన: అందరూ చెయ్యొచ్చా నీ వ్యాయామం?

ఆడపడుచు: అందరూ కాదు. కొందరికి ఆ కండరం వదులవ్వలేదు, పొద్దస్తమానం బిగుసుకుని ఉంటుంది. కలయికలో నొప్పి, మూత్రం మొదలవడానికి అవస్థ. వాళ్ళకి ముందు వదలడం నేర్పాలి, బిగించమంటే హాని. మూత్రంలో రక్తం, మంట, జ్వరం, కిందికి ఏదో జారినట్టుండటం, మూత్రం పూర్తిగా రాకపోవడం, కాళ్ళ మధ్య తిమ్మిరి, వీటిలో ఏదున్నా ముందు డాక్టరు. మీకూ ఒక మూత్ర పరీక్ష చేయించాకే మొదలు.

వదిన: సరే. చేశాననుకుందాం. నార్వేవాళ్ళలాగా ఆర్నెల్లకి మానేస్తా. అప్పుడు?

ఆడపడుచు: దానికో ఉపాయం ఉంది. 2020లో కెనడాలో క్యూబెక్ వాళ్ళు అరవై దాటిన ఆడవాళ్ళ మీద చేశారు. మొదట ఒక్కొక్కరికీ విడిగా కండరం చూపించి, తర్వాత సగం మందికి పన్నెండు వారాలు గుంపుగా క్లాసు, సగం మందికి ఒంటరిగా. ఏడాది తర్వాత లీకులు గుంపువాళ్ళకి 74 శాతం తగ్గాయి, ఒంటరివాళ్ళకి 70. గుంపు ఏమాత్రం తీసిపోలేదు. ఖర్చు తక్కువ, నేర్పేవాళ్ళు తక్కువమంది సరిపోతారు. మీ క్లబ్‌హౌస్‌లో జుంబాకి గంట ఇస్తున్నారు. నాకు వారానికి ఒక గంట ఇప్పించండి. సాయంత్రం టవర్ చుట్టూ నడిచే పెద్దవాళ్ళంతా వస్తారు. అమ్మని కూడా దించండి.

వదిన: నీకు మతి ఉందా? అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఏమని పెడతావు? సెక్రటరీ పార్కింగ్ గొడవకే నాలుగు రోజులు వాయిస్ మెసేజీలు పెడతాడు.

ఆడపడుచు: గ్రూపులో పెట్టక్కర్లేదు. మీరు అడగండి ఒక్కొక్కరినీ, లిఫ్టులో.

వదిన: ఏమని, కాళ్ళు మెలేసుకున్నవాళ్ళని చూసి పట్టుకోమంటావా?

ఆడపడుచు: మీరు నవ్వితే నాకు సంతోషం వదినా. ఏమైనా అయిందా ఇప్పుడు?

వదిన: లేదు. ముందే బిగించా. ...చూడకలా. తోశానో లాగానో నాకే తెలీదు. సరే, నా షరతులు విను. ఒకటి, నీ క్లినిక్‌కి నేను రాను, ఆ అమ్మాయినే ఇంటికి పంపించు. రెండు, బిల్లివ్వు, హెచ్‌ఆర్‌కి పెడతా. తిరస్కరిస్తే ఆ తిరస్కరణ కాగితం కావాలి నాకు, నాలాంటివాళ్ళు ఇరవైమందివి పోగుచేసి ఒకేసారి పంపిస్తా. మూడు, అత్తయ్యగారితో మాట్లాడాల్సింది నువ్వు. కూతురివి. నా నోట వింటే ఆవిడ రేపే తెనాలి బస్సెక్కుతుంది.

ఆడపడుచు: మాట్లాడతాను. గడువు?

వదిన: దసరా నుంచి సంక్రాంతి. ఊరెళ్ళేటప్పుడు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఎలాగూ ఇరుక్కుంటాం, అక్కడ తేలిపోతుంది. తేలకపోతే ముక్కనుమ దాటాక సర్జన్. అపాయింట్‌మెంట్ తీసుకునే ఉంచా, అది తియ్యను.

ఆడపడుచు: తియ్యొద్దు. ఆయన ముందు అడిగేది కూడా అదే, మూడు నెలలు ఎవరి దగ్గర చేశారు అని.

వదిన: నీ పేరు చెప్తాలే. కుదరకపోయినా నీ పేరే చెప్తా.